ఆస్వాదన, ఋణం: ఫంక్ డ్రమ్ము నుంచి ఒగ్గుడోలు దాకా

సంగీతాన్ని ఆస్వాదించినవారు దానిని వాయించినవారికి ఋణపడతారా? భట్టనాయకుని సాధారణీకరణ భావనను బట్టి చూస్తే ఋణపడరనిపిస్తుంది. రసానుభవ వేళ భావం వ్యక్తిసంబంధాన్ని విడిచి సహృదయులందరిదీ అవుతుంది. అందరిదీ అయినదానికి ఋణదాత ఎవరు?

ఈ ప్రశ్నకు అమెరికా నల్లజాతీయుల సంగీతం గట్టి పరీక్ష. 1950ల చివరికి చర్చిలోని గాస్పెల్ గానమూ, రిథమ్ అండ్ బ్లూస్ కలిసి సోల్ సంగీతంగా రూపుదిద్దుకున్నాయి. 1960ల మధ్యలో జేమ్స్ బ్రౌన్ బృందం లయకు పెద్దపీట వేసి ఫంక్‌కు బాట పరిచింది. అందులో గిటారు, బాకాలు సైతం తాళవాద్యాల వలె పలుకుతాయి. 1969లో రికార్డు చేసి 1970లో విడుదల చేసిన ‘ఫంకీ డ్రమ్మర్’లో క్లైడ్ స్టబ్బుల్‌ఫీల్డ్ కొద్ది సెకన్ల పాటు ఒంటరిగా డ్రమ్ము వాయిస్తారు. ఆ ముక్కను తరువాతి హిప్‌హాప్ కళాకారులు వందల పాటల్లో వాడుకున్నారు. పాట కర్తృత్వం మాత్రం బ్రౌన్‌దే. ఆ పునర్వినియోగం వలన వాయించిన చేతికి దక్కింది స్వల్పం.

కూలి ముట్టింది కనుక ఋణం తీరిందని వాదించవచ్చు. ఇల్లు కట్టిన మేస్త్రీకి తరతరాలూ అద్దె చెల్లించము కదా! ఈ వాదంలో బలముంది. అయితే ఇంట్లో నివసించేవారు మేస్త్రీ చేతి కదలికను అనుభవించరు. సంగీతం వినేవారు అనుభవించేది ఆ చేతి కదలికనే. సాధారణీకరణ చెందేది భావం, శ్రమ కాదు. శోకం అందరిదీ కావచ్చు. దెబ్బ వేసిన చేయి ఒకరిదే. కనుక ఇక్కడి ఋణం ధనంతో ముగిసేది కాదు. కర్తను కర్తగా గుర్తించడం అందులో మొదటి భాగం.

భూపాలపల్లి, జనగామ ప్రాంతాల్లో ఒగ్గుకథ విన్నవారికి ఈ చర్చ పరాయిది కాదు. బీరప్ప, మల్లన్న కథల్లో డోలు కేవలం నేపథ్యం కాదు. కథనపు వేగాన్ని, ఉద్వేగాన్ని నడిపేది అదే. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందారు. కథకుని పేరు అలా నిలవడం న్యాయమే. కాని ప్రతి కథకుని పక్కనా డోలు, తాళం పట్టినవారుంటారు. క్షేత్ర సేకరణలో కథ పేరు, కథకుని పేరు రాసి వాద్యకారులను ‘బృందం’ అన్న ఒక్క మాటలో కలిపివేస్తే, వారి శ్రమను మనమే సాధారణీకరించినవారమవుతాము.

ఆస్వాదన నిరపేక్షమైనదే కావచ్చు. దానిని నమోదు చేసే పరిశోధకుని బాధ్యత మాత్రం నిరపేక్షం కాజాలదు.