గూబ యుండ

కొండవీటి కోట శిథిలప్రాకారముల క్రింద బడియుండు బూడిదవన్నె యుండను రెట్టయని త్రోసిపుచ్చరాదు. గుడ్లగూబ యెలుకను మ్రింగి, యరగని వెండ్రుకలను, ఎముకలను ముద్దగా జేసి వెడలగ్రక్కిన శేషమది. డేగ యుండలో నెముకలు చాలవఱకు జీర్ణమైపోవును. గూబ యుండను నీట నానబెట్టి విప్పినచో, పుఱ్ఱె యించుమించు చెక్కుచెదరక బయల్పడును. ఉలివంటి ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ ఖాళీ యున్న నది యెలుక. మొనపండ్లు వరుస తెగకున్న నది చుంచు.

ప్రత్తి, మిరప చేలలో నెలుకలను దిని మేలొనర్చు నీ పక్షి కూత నపశకునమనుట యెంత యన్యాయము! విశేషమును పదార్థముగా నెంచిన కణాదుని శాస్త్రమునకు ఔలూక్యదర్శనమనియు బేరు గలదు; ఉలూకమనగా గూబయే. వస్తువును వస్త్వంతరమునుండి వేఱుపఱచి యెఱుంగుట జ్ఞానమైనచో, చూడకయే భయపడుట ధర్మమెట్లగును? ఇక హింస మాట: ఆకలికొన్న పక్షికి సంకల్పదోషము లేదు, కావున పాపమును లేదని నా నిశ్చయము. పాపమును గూర్చిన ప్రశ్నను, విషపుటెరతో నెలుకనే కాక దానిని దిన్న గూబను గూడ జంపు మనలనే యడుగవలెను.