ముళ్ళతీగ అమ్మువాని సందేహము

సత్రపట్టి అనగానే గాయములకు చుట్టు బ్యాండేజి గుడ్డ జ్ఞాపకము వచ్చును. ఆ ఊరిలోనే నేను ఇనుపసామానుల అంగడిలో ముళ్ళతీగ అమ్ముచున్నాను. క్రిందటేట ఒక రైతు పశువైద్యునివద్దకు పోవుచు, దూడతో మా అంగడిముందు ఆగెను. దాని మెడక్రింద చర్మము జానెడు చీలియుండెను. తీగ మా అంగడిదే. ఆయన నన్నేమియు అనలేదు.

కత్తులమ్మువానికి లేని చింత నీకేల అని మిత్రుడొకడు అనెను. కత్తి కూర తరుగుటకు. ఈ తీగలో ముల్లు దేనికి? నొప్పించుటకే. దీని చరిత్ర చూచినను ఇదే తేలుచున్నది.

అమెరికా పశ్చిమ మైదానములలో 1862 చట్టము ప్రకారము, అయిదేండ్లు కాపురముండి సాగుచేసిన కుటుంబమునకు 160 ఎకరములవరకు ఇచ్చిరి. అచ్చట కంచెకు కొయ్య దొరకదు. నున్నని తీగ కట్టినచో పశువులు ఒరగి త్రెంచెడివి. ఇలినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ కాఫీగింజలు విసరు మరతో ముళ్ళు వంచి, రెండు తీగల మెలికలో కదలకుండ బిగించి, 1874 నవంబరు 24న పేటెంటు పొందెను. ఒకసారి గ్రుచ్చుకొన్న పశువు మరల రాదు గనుకనే అది పనిచేసినది.

దానివలన బీదరైతు పైరు దక్కినమాట నిజము. కాని ఆ నేలపై తరతరములుగా తిరిగిన ఆదివాసుల త్రోవలు మూతపడినవి. పెద్ద మందల ఆసాములు సర్కారు భూమినికూడ చుట్టుకొనగా, 1885లో దానిని నిషేధించుచు చట్టము చేయవలసివచ్చెను. 1886 జనవరి మంచుతుపానులో టెక్సాసు ఉత్తరభాగమున, దక్షిణమునకు పారిపోవు పశువులు కంచెకడ ఆగి వేలకొలది చచ్చినవి. ముల్లు గ్రుచ్చుకొని కాదు, మేతకును మరుగునకును దారిలేక.

మన అహింసాణువ్రతపు అతిచారములలో బంధము, ఛేదము, అన్నపాననిరోధము ఉన్నవి. చిన్నతనమున వల్లించితిని. ఈ మూడును ఒకే తీగచుట్టలో ఇమిడియుండునని అప్పుడు తెలియదు.

మరి రైతు ఏమి చేయవలెను? రాజపాళెము పడమటి కొండల మొదట మామిడి, కొబ్బరి తోపులమీదికి ఏనుగులు, అడవిపందులు దిగుచున్నవి. ఆ అడవి 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేగమలై పులుల రక్షితప్రాంతమైనది. ఏనుగు తీగను లెక్కచేయదు, పంది క్రిందనుండి దూరును. చిక్కుకొనునది మన దూడయే! పైరు కాచుకొనుట విరోధీహింస యని, గృహస్థునకు అందులో కొంత మినహాయింపు కలదని పెద్దలందురు. ఆ మినహాయింపు నాకు వర్తించునా? కాచుకొనుటకు నాకు పైరు లేదు, లాభము మాత్రమున్నది.

పూర్వము తుమ్మకంప, కిత్తనార కంచెలుండెడివి. వానికిని ముళ్ళున్నవి, కాని పశువునకు దూరమునుండియే కనబడును. తీగ కనబడదు.

అమ్మకము మానలేదు, దాచుట యెందుకు? చుట్ట కొన్నవారికి మగ్గములకడ పారవేయు గుడ్డపీలికలు మూటకట్టి ఊరకయే ఇచ్చి, బారెడుకొకటి తీగకు కట్టుడని చెప్పుచున్నాను. కొందరు నవ్వుదురు. ఆ దూడ రైతు మొన్న మరియొక చుట్ట కొని, మూటకూడ తీసికొనిపోయెను. కట్టెనో లేదో నేను పోయి చూడలేదు.