ఫలానా రోకలిబండ గారి భార్య

వాన పడిందంటే చాలు, పెరట్లో రోకలిబండలు బయలుదేరతాయి. ముట్టుకుంటే రూపాయిబిళ్ళలా చుట్టుకుపోయే ఆ ప్రాణిని చూసి "ఛీ" అనేవాళ్ళే గానీ, "నీ పేరేమిటే?" అని అడిగేదెవరు?

అడిగేవాళ్ళున్నారు, శాస్త్రజ్ఞులు. లోకంలో ఇప్పటికి 12,000 పైచిలుకు రోకలిబండ జాతులకి పేర్లు పెట్టారు. థాయ్‌లాండ్ వైపు అడవుల్లో థైరోపైగస్ అనే పెద్ద ప్రజాతే ఉంది. అందులో దగ్గరి చుట్టాల్ని పక్కపక్కన పెడితే, ఏది ఏదో చెప్పడం మహా కష్టం. అందుకని మగదాన్ని తిరగేసి ఏడో కణుపు దగ్గర చూస్తారు. అక్కడి కాళ్ళు నడక మానేసి, సంతానం కోసం వేరే రూపు దాల్చి ఉంటాయి. వాటి వంపులు, కొక్కేలు ఒక్కో జాతికి ఒక్కో తీరు. మైక్రోస్కోపులో అవి చూసి పేరు ఖాయం చేస్తారు.

మరి ఆడదో? దానికి ఆ అవయవమే లేదు. ఒంటరిగా దొరికితే చాలాసార్లు పేరు తేలదు. పక్కన మగది కనిపిస్తే, "ఓహో, ఇది ఫలానా వారి తాలూకు" అనుకోవాలి!

నవ్వొస్తోంది కదూ? కానీ పేరంటంలో "మీరెవరండీ?" అంటే, "మేనేజరు గారి భార్యనండీ" అనడం మనకీ అలవాటేగా!

పాపం, శాస్త్రజ్ఞుణ్ణి తిట్టి లాభం లేదు. తేడా స్పష్టంగా కనిపించే చోట చూశాడు. తెలియనప్పుడు "ఆడది, జాతి తెలియలేదు" అని రాసి ఊరుకుంటాడు. "జాతే లేదు" అనడు. అసలు సంగతి అక్కడే ఉంది. గుర్తు వేరు, ఉనికి వేరు. గుర్తు చూసేవాడి సౌకర్యం, ఉనికి ఆ ప్రాణి సొంతం. ఒకటి దొరకలేదని రెండోది లేకుండా పోదు.

ఇప్పుడు డి.ఎన్.ఏ. పరీక్షలొచ్చాయి. కాలిముక్క చాలు. పేరు తేల్చడానికి ఇప్పటికీ మగదానితో పోల్చవలసి రావచ్చు. కానీ పోల్చి చూసే ఆ ఆనవాలు ఆడదాని ఒంట్లో మొదటినుంచీ ఉన్నదే. ఎవరూ ఇచ్చింది కాదు.

"ఫలానా గారి భార్య" అనడం తప్పని నేననను. అది చిరునామా లాంటిది. వీధి గుమ్మం దగ్గరే ఆగిపోయి, లోపలి మనిషిని పలకరించకపోతేనే తప్పు. ఆ తప్పు ఎదుటివాళ్ళు చేస్తే సరే, మనకి మనమే చేసుకోవడం ఎందుకు? ఈసారి ఎవరైనా "మీరెవరండీ?" అంటే, ముందు పేరు చెప్పండి. చుట్టరికాలు తర్వాత చెప్పుకోవచ్చు.