జీర్ణవాహనములు – నూతనాంగములు

ప్రాతవస్తువులయందలి ప్రీతి రెండు తెఱగులుగా నుండును. వస్తువు చేతికెట్లు వచ్చినదో యట్లే నిలుపవలెనని కోరునది మొదటిది. వస్తువు దేనికొఱకు పుట్టినదో యా పనిని చేయుచు నుండవలెనని కోరునది రెండవది. అద్దాలబీరువాలో నుంచిన వస్తువు విషయమున ఈ రెండు ప్రీతులకును వైరము లేదు. కాని యేబది యఱువది యేండ్లనాటి కారునో, అంతకంటె ప్రాతదగు లారీనో బాటమీదికి తెచ్చువారు ఈ రెంటిలో నేది ధర్మమో నిర్ణయించుకొనక తప్పదు. ఆ నిర్ణయము బండియొక్క యన్ని భాగములకంటె చుక్కానికడ కఠినమగును. కూర్చుండు మెత్త చినిగినచో కూర్చున్నవానికి నొప్పి. రంగు వెలసినచో చూచువానికి వెలితి. చుక్కాని కీలు అఱిగినచో బాటవెంట నడచు పరాయివానికి ప్రాణాపాయము. అఱిగిన స్టీరింగు భాగములను తీసివైచి క్రొత్తవి యమర్చుట ప్రాచీనతకు ద్రోహమా, సేవయా యనునదియే మేమిచట విచారింప బూనిన విషయము.

సారథి చేతిలోని చక్రమునకును, నేలమీద దొర్లు చక్రములకును నడుమ నెన్ని కీళ్లున్నవో కారెక్కి తిరుగు గృహస్థులలో ననేకులెఱుగరు. ప్రాతబండ్లలో తఱచుగా కనబడు ఏర్పాటిది. చేతిచక్రపు కడ్డీ క్రిందికి దిగి స్టీరింగు పెట్టెలో ప్రవేశించును. అందలి మరచుట్టు పండ్లుగల యొక చక్రపు తునకను త్రిప్పును. ఆ తునక పెట్టెవెలుపలనున్న యొక చేతిని ఊపును. ఆ చేయి యొక కడ్డీని లాగును. ఆ కడ్డీ ముందరిచక్రములలో నొకదానిని మరల్చును. టైరాడ్డు అను మఱియొక కడ్డీ రెండవ చక్రమును దానితో గూడ నడపును. కడ్డీల చివరలయందు గుండ్లును, వానిని పొదివికొన్న గిన్నెలును ఉండును. చక్రములు రెండును ఇరుసు కొనలయందు నిలువుగా నిలిపిన కింగ్‌పిన్నుల నాధారముగా గొని కుడియెడమలకు తిరుగును. ఇన్ని కీళ్లలో నొక్కొకదానియందు వెండ్రుకవాసి సందేర్పడినను, అన్నియు కూడి చేతిచక్రమున అంగుళముల కొలది 'ఆట' యగును. సారథి యంతమేర త్రిప్పినను బండి యెఱుగదు.

ఈ యఱుగుదల యాకస్మికము కాదు. ఫోర్డు కంపెనీవారు 1928 మొదలు 1931 వఱకు గల నమూనాలుగా విక్రయించిన మోడల్ ఏ కారును చూడుడు. దాని కింగ్‌పిన్ను ఉక్కుతో చేసినది. ఆ పిన్నునకు చుట్టునుండు బుష్షు కంచుతో చేసినది. కంచు ఉక్కుకంటె మెత్తనిది. రెండు లోహము లొరసికొనునపుడు మెత్తనిది ముందుగా నఱుగును. ఇది చేసినవాని యజ్ఞానము కాదు, వివేకము. మార్చుటకు సులువైన దానిని ముందుగా నఱుగనిచ్చి, కష్టమైన దానిని కొంతకాలము కాపాడుట యతని యుద్దేశము. గ్రీజు పట్టించుటకు ద్వారమును గూడ నతడే యేర్పఱచెను. ప్రాత బుష్షును వెలికినెట్టి, క్రొత్తదానిని బిగించి, దాని రంధ్రమును గ్రీజు ద్వారమునకు సరిగా నుంచి, పైబుష్షును క్రిందిబుష్షును ఒకే వరుసలో పిన్నునకు దగినట్లు తొలుచుట మేస్త్రీలు చేయుచున్న పనియే. కావున అఱిగిన బుష్షును మార్చినవాడు కర్త యాజ్ఞను నెరవేర్చినవాడగుచున్నాడు. మార్చనివాడే దానిని మీఱినవాడు. ఎడ్లబండి యిరుసునకు కందెన పూయు మన రైతున కీ ధర్మము తెలియనిది కాదు. కడచీల యఱిగినచో క్రొత్తదానిని కొట్టించును. అందుచేత నతని తాతనాటి బండి పోయినదని యూరివారెవ్వరు ననరు.

దీనికి ప్రతివాదము గలదు. అది త్రోసివేయదగినంత తేలికది కాదు. అఱుగుదలయు చరిత్రయే యని వారందురు. ఈ గుండు ఇట్లు చదునైనది ఇన్ని వేలమైళ్లు తిరుగుటచేతనే గదా. దానిని పాఱవైచినచో నొక సాక్షిని చంపినట్లు కాదా? నేడు బుష్షు, రేపు కడ్డీ, ఎల్లుండి పెట్టె మార్చుచు పోయినచో కడకు మిగులునది ప్రాతబండి పేరు మాత్రమే కాదా?

ఇది క్రొత్త ప్రశ్న కాదు. మిళిందప్రశ్నమను బౌద్ధగ్రంథమున నాగసేనుడు రాజును ఇరుసు రథమా, చక్రము రథమా యని యొక్కొక యంగమును చూపి యడుగును. ఏ యొక్క యంగమును రథము కాదని రాజు ఒప్పుకొనును. అంగములన్నియు కూడియున్నపుడే రథమను పేరు చెల్లునని తేలును. పూరీ జగన్నాథుని యాత్రలో దీనికి ప్రత్యక్షోదాహరణము గలదు. అచ్చటి మూడు రథములను ఏటేట క్రొత్తకఱ్ఱతో చేయుదురు. నందిఘోషమునకు 16, తాళధ్వజమునకు 14, దర్పదళనమునకు 12 చక్రములను లెక్క మాత్రము మాఱదు. కఱ్ఱ క్రొత్తదైనను రథము వెనుకటిదే యని జనులు త్రాడు పట్టి లాగుదురు. కావున వస్తువుయొక్క ప్రాచీనత దాని యణువులయందే కాక, దాని కూర్పునందును, వ్యాపారమునందును గూడ నున్నదని చెప్పవలసియున్నది.

అయినను ప్రతివాదుల మాటలో నొక సత్యము గలదు. దానిని మేము కాదనము. ఎన్నటికిని కదలక ప్రదర్శనశాలలో నిలుచు బండికి మా వాదము వర్తింపదు. అచ్చట అఱిగిన గుండు అఱిగినట్లే యుండుట మేలు. దానిని చూచి నేర్చుకొనువారుందురు. బాటకెక్కు బండినుండి తీసిన భాగమునైనను పాఱవేయ నక్కఱలేదు. ఏ యేట తీసితిమో చీటి వ్రాసి కట్టి పెట్టెలో భద్రపఱచినచో సాక్షియు మిగులును, బండియు మిగులును. సాక్షిని కాపాడుట వేఱు. సాక్షిచేత బండి నడిపించుట వేఱు.

మఱియొక వైపునను హద్దు గలదు. మార్చుట మొదలిడితిమిగదా యని ప్రాతకారునకు నేటికారు స్టీరింగు పద్ధతినే తగిలించి, చేతికి శ్రమలేకుండ జేసికొని, ఇది యలనాటి బండి యని నలుగురికి చూపువారు గలరు. ఇది జీర్ణోద్ధారణము కాదు, వేషము. ఈ భేదమును రాజశాసనములు సైతము గుర్తించినవి. బ్రిటనులో 2018 మే 20 నుండి, 40 ఏండ్లు దాటి, గత 30 ఏండ్లలో గణనీయమైన మార్పు పొందని కార్లకు ఏటేటి పరీక్షనుండి మినహాయింపు గలదు. స్టీరింగు పద్ధతినే మార్చుట గణనీయమైన మార్పుగా నెంచబడును. అఱిగినదానికి బదులు అట్టిదానినే యమర్చుట యట్లెంచబడదు. పరీక్ష తప్పినను బండిని బాటకు దగినట్లుంచు భారము యజమానునికి తప్పదు. మన దేశమున 2021 లో సవరించిన కేంద్ర మోటారువాహన నియమములు 50 ఏండ్లు దాటి, చట్రమును పైతొడుగును ఇంజనును గణనీయముగా మాఱని సొంత కార్లకు వింటేజి వాహనములని ప్రత్యేక రిజిస్ట్రేషను నేర్పఱచినవి. నిత్యోపయోగమునకు వానిని బాటమీదికి తేరాదనియు విధించినవి. అయినను శాసనము బండి వయస్సును లెక్కింపగలదు గాని, కీలులోని సందును ఇంటింటికి వచ్చి చూడజాలదు. అచ్చట గృహస్థుని మనస్సాక్షియే పరీక్షకుడు.

ఆ పరీక్షకుని మోసగించు శత్రువు అలవాటు. అఱుగుదల యొక్కనాడు రాదు. దినమున కిసుమంత వచ్చును. చేయి దానికి దగినట్లు తన్ను తాను దిద్దుకొనును. నిన్న కొంచెము త్రిప్పినవాడు నేడు మఱికొంచెము త్రిప్పును. తాను త్రిప్పుచున్నట్లే యెఱుగడు. క్రొత్తవాడు వచ్చి కూర్చున్న యెడల క్షణములో కనిపెట్టును. యజమానుడో 'దాని నడక నాకు తెలియును' అని నవ్వును. కఠోపనిషత్తులో శరీరము రథముగను, బుద్ధి సారథిగను, మనస్సు పగ్గముగను చెప్పబడినవి. పగ్గము సడలినపుడు సారథి నేర్పు దాని లోపమును కొంతదూరము కప్పిపుచ్చవచ్చును. కాని నేర్పు పగ్గమునకు బదులు కాదు. అందుచేతనే ఈ లోపమును కనుగొను పద్ధతిలో నిద్దఱు కావలెను. ఒకడు చేతిచక్రమును అటునిటు కొంచెముగా ఊపుచుండగా, రెండవవాడు క్రింద చేరి యొక్కొక కీలును చూడవలెను. లోపమునకు అలవాటుపడినవాని కంటికంటె పరునికన్ను నమ్మదగినది.

లోపము తెలిసినపిమ్మటను దానిని మఱుగుపఱచు నుపాయములు పెక్కు గలవు. బండి తిన్నగా పోవుకాలమే యెక్కువ గనుక స్టీరింగు పెట్టెలో నడిమి పండ్లే యెక్కువగా నఱుగును. ఆ యాటను పోగొట్టుటకు మరను బిగించినచో నడుమ సరిపడినట్లుండును. కాని యఱుగని కొనలయొద్ద, అనగా గట్టిమలుపున, చుక్కాని పట్టుకొనును. నడుమ పుట్టిన తప్పునకు కొనలను శిక్షించుట బిగింపే గాని చికిత్స కాదు. గుంటపడినపుడు ముందరిచక్రములు గడగడ వణకుట కొన్ని ప్రాతబండ్లకు గలదు. వణకుకు మూలమగు కీలును వెదకక, కుదుపును మ్రింగు డ్యాంపరు నొకదానిని తగిలించి యూఱట చెందువారున్నారు. డ్యాంపరు తనయంత చెడ్డది కాదు. అఱిగిన కీలుమీద కప్పిన దుప్పటియైనపుడే యది చెడ్డది.

లారీల విషయమున ఈ ప్రశ్న మఱింత బరువైనది. కారున కొకవేళ యజమానుడే సారథి. కూలికి లారీ నడపువానికి బండి తనది కాదు, బుష్షు మార్పించు సొమ్మును తనది కాదు. 'బాబూ, స్టీరింగు ఆడుతోందండి' యని వాడు చెప్పును. 'ఈ ట్రిప్పు కానీ, పండగ వెళ్లాక చూద్దాం' అని షావుకారు బదులిచ్చును. పండుగలు వచ్చుచునే యుండును. ఒకనాడు లారీ బాటతప్పిన యెడల జనులు మొదట పట్టుకొనునది డ్రైవరును. బుష్షు ఖరీదు మిగుల్చుకొన్నవాడు ఆ చోటనే యుండడు. చేయు శక్తి యొకనియందును, పడు కష్టము వేఱొకనియందును ఉన్నచోట, శక్తిగలవాని యాలస్యము ఆలస్యము కాదు, అన్యాయము.

మా వాదమున కిదియే మూలము. తన ప్రేమకొఱకు తన సుఖమును వదలుకొనువానిని లోకము మెచ్చును. కాని బడికి పోవుచు బాట దాటు పిల్ల, ఆ కారు తాతగారి జ్ఞాపకమనియు, దాని గుండ్లు ఫోర్డువారు పోసినవే యనియు ఎఱుగదు. ఆమె యా ప్రేమలో పాలు పంచుకొనలేదు; దాని వెలను మాత్రము ఆమెచేత నిప్పించుట యే నీతి? తన యభిరుచి వలని యపాయమును అంగీకరింపని పరునిమీద వేయరాదనుట అన్ని ధర్మములకును సామాన్యము.

కావున బండి కొనువారు రంగు చూచుటకు ముందు కీళ్లు చూపించుకొనవలెను. అమ్మువారు ఏ కీలు మార్చబడినదో, ఏది మార్చవలసియున్నదో దాచక చెప్పవలెను. మార్చునపుడు చౌకయని మెత్తని లోహము కొనరాదు. ఒకవైపు మార్చి రెండవవైపును పరీక్షింపక వదలరాదు. వంగిన స్ప్లిట్ పిన్నును మరల సాగదీసి దూర్పరాదు. అది చిన్నతీగ ముక్కయే, కాని నట్టును ఊడిపోనీయక నిలుపునది యదియే. పని ముగిసినపిమ్మట ముందరిచక్రముల యెడమును కొలిపించి సరిచేయింపవలెను. ఇంతమాత్రము చేయ మనసు రానివారు బండిని కొట్టములో నిలిపి, తుడిచి, చూచి సంతోషింతురుగాక. అది తప్పు కాదు. బాటకు తెత్తుమనువారు మాత్రము ముందు క్రొత్త బుష్షునకు సొమ్ము తీసి, పిమ్మట తాళపుచెవి తీయుదురుగాక.