విజయపురి ఎందుకు ఖాళీ అయింది?

 

మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేసేవాళ్లకు రోజూ దేశదేశాల మనుషులు కనిపిస్తారు. 2008లో అది తెరిచినప్పుడు, ప్రపంచం మన గడ్డ మీదికి ఇప్పుడే వస్తున్నదన్నట్టు సంబరపడ్డాం. కానీ పదిహేడు వందల ఏళ్ల కిందటే ప్రపంచానికి తెలిసిన నగరం ఒకటి మన కృష్ణ ఒడ్డున ఉండేది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఇప్పటి నాగార్జునకొండ.

గ్రీకు, రోమన్ పట్నాల్లో లాగా మెట్లు మెట్లుగా కట్టిన క్రీడాస్థలం అక్కడ తవ్వకాల్లో బయటపడింది. వీరపురుషదత్తుడు రాజైన 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. రాణి కాదు, మన అక్కల్లాంటి గృహిణి. కాశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశం దాకా ధమ్మాన్ని చాటిన భిక్షువులని వాళ్లను ఆమె తన శాసనంలో కీర్తించింది. యవనులంటే గ్రీకులే.

మరి అంత నగరం ఏమైంది? నాలుగో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజ్యం పోయింది, పల్లవులు వచ్చారు. ఆదరించే చెయ్యి పోగానే విహారాలు బోసిపోయాయి. చరిత్ర పుస్తకాలు ఇక్కడితో ఆపుతాయి. నాకది చాలదు.

రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన తోబుట్టువు శాంతిసిరి మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో యజ్ఞగుండం, బుద్ధుని ధాతువు! దీన్ని పరమత సహనం అని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. బాబాసాహెబ్ మాత్రం 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో లోపం ఎక్కడుందో చూపించారు. భిక్షువుకు సంఘదీక్ష ఉంది, గృహస్థుకు విడిగా ధమ్మదీక్ష లేదు. అందుకే మామూలు జనం ఆ గట్టుకూ ఈ గట్టుకూ తిరిగారు. మన దేశంలో బౌద్ధం పడిపోవడానికి అదొక కారణమన్నారు ఆయన. విజయపురి కథ చదివితే నాకు అదే గుర్తొస్తుంది.

1955 డిసెంబర్ 10న సాగర్ డ్యాంకు నెహ్రూ పునాదిరాయి వేశారు. మునిగిపోయే లోయలో తవ్వకాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆ రోజుల్లోనే, 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో లక్షల మంది గృహస్థులు బాబాసాహెబ్ చేతుల మీదుగా దీక్ష తీసుకున్నారు, 22 ప్రతిజ్ఞలతో.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. గోడకు బాబాసాహెబ్ ఫొటో ఉంటుంది, గృహప్రవేశానికి పంతులూ వస్తాడు. ఎవరినో అనడం లేదు. అమ్మ మాట కాదనలేక నేనూ హోమం ముందు కూర్చున్నా.

ఈసారి సాగర్ పోతే లాంచీ ఎక్కి కొండ దాకా పోండి. పిల్లలకు బోధిసిరి గురించి చెప్పండి. ఆ 22లో మన ఇంట్లో ఎన్ని నిలబడ్డాయో, తిరిగొచ్చేటప్పుడు నీళ్ల మీదే లెక్క చూసుకోండి.