అడగకుండా తీసిన ముఖం

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపిన చిత్రాలలో ఒకదానిలో ఉన్నది ఫ్యాక్టరీనుండి ఇళ్ళకు బయలుదేరిన కార్మికులే.

నేడు ఆర్ట్ కాలేజీలో చదివే మీ అబ్బాయి లఘుచిత్రం కోసం అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకో, చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికో వెళితే కనిపించేదీ మామూలు మనుషులే: ఉద్యోగ పరీక్షలకు ఏళ్ళ తరబడి చదువుతున్న పల్లెల బిడ్డలు. వారిలో ఒకరు, 2014లో నగరంలో మొదలైన 5 రూపాయల భోజనం కోసం వరుసలో నిలబడ్డారనుకోండి. దృశ్యం బాగా కుదురుతుంది. చూసినవారు కంటతడి పెడతారు కూడా. కాని 'బాగానే తింటున్నానమ్మా' అని అతడు ఇంటికి చెప్పుకున్న మాట తెరమీద అందరి ముందు అబద్ధమైపోతుంది.

నిజం చూపితే తప్పేమిటని మీవాడు అనవచ్చు. నిజమే, కాని అది ఎవరి నిజం? వెనుకనుండి తీసినా ఆకలి తెలుస్తుంది. ముఖమే కావాలంటే ముందు అడగాలి, వద్దంటే కెమెరా దించాలి. ప్రదర్శననాడు అతడే ముందు వరుసలో కూర్చుంటే ఆ దృశ్యాన్ని అలాగే ఉంచుతాడా? మీవాణ్ణి అడిగి చూడండి.