“ఇదిగో, ఇక్కడ వినండి”: బీటిల్స్ పాటల్లోని చిన్న చోట్ల గురించి ఒక సంవాదం

బీటిల్స్ పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట పాటల పేర్లతో ఆగదు. పాటలో ఒక చోటు చూపించుకుంటారు. డ్రమ్ము ఆలస్యంగా వచ్చి తగిలిన తీరు, ఒక అక్షరం దగ్గర గొంతు వణకడం, గిటారు మోగి ఆరిపోయే లోపే బేస్ అందుకోవడం, ఇలా మూడు నిమిషాల పాటలో రెండు మూడు సెకన్లు. “ఇదిగో, ఇక్కడ వినండి” అంటారు. లివర్‌పూల్‌కు చెందిన జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ కలిసి 1962 నుంచి 1970 దాకా విడుదల చేసిన పాటలు రెండు వందల పైచిలుకు. వాటిలో అభిమానులు వేలుపెట్టి చూపే చోట్లకు మాత్రం లెక్క లేదు.

అలాంటి చోటు నచ్చిందంటే నిజానికి నచ్చినది ఏమిటి? పాటా, పాటలో ముక్కా, ఆ ముక్క గురించి తెలిసిన కథా? ఒకరికి నచ్చిన చోటు ఇంకొకరికి ఎందుకు చూపించాలి? పాత శాస్త్రగ్రంథాల పద్ధతిలో ఈ ప్రశ్నలను ఇద్దరి నోట పెట్టి చూడవచ్చు. ఆక్షేపించేవాడు తార్కికుడు, సమాధానం చెప్పేవాడు రసికుడు.

తార్కికుడి మొదటి ఆక్షేపణ గట్టిదే. “పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్కటి. నచ్చిన ముక్క ఏరుకుని మిగతాది వదిలేస్తే అది వినడం ఎలా అవుతుందండీ?” ఈ మాట వెనక జర్మన్ తాత్వికుడు థియొడోర్ అడోర్నో ఉన్నాడు. జనం సంగీతాన్ని సమగ్రంగా వినే శక్తి పోగొట్టుకుని విడివిడి ముక్కల రుచికి అలవాటుపడుతున్నారని 1938లో ఆయన ఒక ప్రసిద్ధ వ్యాసంలో వాదించాడు. అదే అడోర్నో 1965లో సంగీతంలోని అందమైన చోట్ల గురించి ప్రత్యేకంగా ఒక రేడియో ప్రసంగం చేశాడు. అంత కఠినమైన విమర్శకుడికీ చూపించాలనిపించే చోట్లు ఉన్నాయన్నమాట.

రసికుడు సిద్ధాంతం జోలికి పోకుండా ‘ఎ డే ఇన్ ది లైఫ్’ చివరి కార్డ్‌ను ముందు పెడతాడు. 1967 ఫిబ్రవరి 10న 40 మంది వాద్యకారుల ఆర్కెస్ట్రాను పిలిపించి, ప్రతి వాద్యమూ తన అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా 24 బార్ల పాటు ఎవరి దారిన వాళ్లు ఎక్కుతూ పోయేలా రికార్డు చేశారు. ఆ ఎక్కుడు పాటలో రెండుసార్లు వస్తుంది. రెండోసారి శిఖరం చేరి ఒక్కసారిగా తెగిపోతుంది. ఒక్క క్షణం మౌనం. అప్పుడు పడుతుంది ‘ఇ’ మేజర్ కార్డ్. ఫిబ్రవరి 22న లెనన్, మెకార్ట్‌నీ, స్టార్, వాళ్ల సహాయకుడు మాల్ ఎవాన్స్ మూడు పియానోల మీద ఒకేసారి కొట్టిన కార్డ్ అది. దానికి నిర్మాత జార్జ్ మార్టిన్ హార్మోనియం తోడైంది. నాదం సన్నగిల్లుతున్నకొద్దీ ఇంజినీరు శబ్దస్థాయిని పెంచుతూ పోయాడు. అందుకే అది 40 సెకన్లకు పైగా బతికింది.

“ఇప్పుడు ఆ కార్డ్ ఒక్కటే కత్తిరించి, పాట ఎప్పుడూ వినని మనిషికి వినిపించండి” అంటాడు రసికుడు. “ఎవరో పియానో మెట్లు గట్టిగా నొక్కారనుకుంటాడు, అంతే. దాని ముందు ఆర్కెస్ట్రా తుఫాను ఉండాలి. ఆ తుఫానుకు ముందు లెనన్ నిర్లిప్తమైన గొంతు ఉండాలి. నడుమ అలారం గడియారం మోగి, మెకార్ట్‌నీ హడావిడిగా లేచి బయల్దేరాలి. ఇవన్నీ చెవిలో ఉన్నవాడికే ఆ కార్డ్ ముగింపుగా వినబడుతుంది. నేను వేలుపెట్టింది చిన్న చోటు మీదే. అక్కడ వినబడేది మాత్రం పాటంతా.”

ఈ జవాబుకు తత్వశాస్త్రంలో అండ ఉంది. 1880లో ఎడ్మండ్ గర్నీ, ఆయన దారిలో 1997లో జెరల్డ్ లెవిన్‌సన్, సంగీతాన్ని అర్థం చేసుకోవడమంటే పెద్ద కట్టడాన్ని ఒక్క చూపులో పట్టుకోవడం కాదన్నారు. ఇప్పుడు వినబడుతున్నదాన్ని ఇంతకుముందే వినిపించినదానితోనూ, రాబోతున్నదానితోనూ కలుపుకుంటూ పోవడమే వినికిడి అన్నారు. లెవిన్‌సన్ వాదం మొత్తాన్ని ఒప్పుకోనక్కర్లేదు, పెద్ద నిర్మాణాల పాత్రను ఆయన మరీ తగ్గించాడు. కానీ మూడు నిమిషాల పాట విషయంలో ఆయన వర్ణన అనుభవానికి చాలా దగ్గరగా ఉంది.

తార్కికుడు ఇక్కడ పట్టు సడలించి, మరో వైపు నుంచి వస్తాడు. “మీరు మెచ్చుకునే చోట్లలో సగం పొరపాట్లే కదండీ. ఎవరూ ఉద్దేశించనిదాన్ని కళ అంటారా?” అతని మాటలో నిజం ఉంది. ‘ఇఫ్ ఐ ఫెల్’ రెండో మధ్యభాగంలో పై స్వరం అందుకోబోయి మెకార్ట్‌నీ గొంతు చిట్లుతుంది. ‘ఎ డే ఇన్ ది లైఫ్’ ఆఖరి కార్డ్ ఆరిపోయే వేళ కుర్చీ కిర్రుమంటుంది. ‘హర్ మెజెస్టీ’ని ‘ఆబీ రోడ్’ ఆల్బమ్ నుంచి తీసేయమంటే, బీటిల్స్ చేసినదేదీ పారేయకూడదన్న నియమం పాటించిన ఇంజినీరు దాన్ని టేపు చివర అతికించాడు. అలా ఆ పాట తనది కాని కార్డ్‌తో, అంటే అసలు వరుసలో దాని ముందున్న పాట ఆఖరి మోతతో మొదలై, తన ఆఖరి స్వరం లేకుండానే ఆగిపోతుంది.

రసికుడి సమాధానం ‘ఐ ఫీల్ ఫైన్’తో మొదలవుతుంది. స్టూడియోలో లెనన్ గిటారును ఆంప్లిఫయరుకు ఆనించి ఉంచాడు. మెకార్ట్‌నీ బేస్ మీద ‘ఎ’ స్వరం మీటగానే ఆ గిటారు తీగలు వాటంతట అవే రొదపెట్టాయి. అది ప్రమాదమే. అయితే వాళ్లు దాన్ని పాట మొదట్లో కావాలని పెట్టుకున్నారు. 1964 అక్టోబరు 18న ఆ రొదను పనిగట్టుకుని పుట్టించి రికార్డు చేశారు. “పుట్టుక యాదృచ్ఛికం కావచ్చు, ఉంచుకోవడం మాత్రం నిర్ణయం. శబ్దాల్లో ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చుకోవడం కూడా రచనే” అంటాడు రసికుడు.

“మరి ‘హర్ మెజెస్టీ’లో?” తార్కికుడు వదలడు.

“అక్కడా అంతే. అతుకు వేసింది ఇంజినీరే, కానీ విని బాగుందనుకుని అలాగే విడుదల చేసింది వాళ్లు.”

కుర్చీ కిర్రు విషయంలో ఈ సమాధానం అంత గట్టిగా నిలవదు. దాన్ని ఎవరైనా కోరి ఉంచారని చెప్పడానికి ఆధారం లేదు. ఆ శబ్దం మీద ప్రేమ పాట మీది ప్రేమ కాకపోవచ్చు. ఆ గదిలో, ఆ రోజు, ఆ మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చున్నారన్న ఎరుక మీది ప్రేమ కావచ్చు. అదీ విలువైనదే, కాకపోతే వేరే జాతి విలువ.

ఈ వాదంలోంచి ఇంకో సంగతి తేలుతుంది. గొంతు చిట్లడం స్వరలిపిలో ఉండదు. అదే పాట ఇంకొకరు పాడితే ఉండదు. చివరికి అదే రికార్డింగు మోనో ప్రతిలో కూడా లేదు, స్టీరియో ప్రతిలోనే ఉంది. ‘హెల్టర్ స్కెల్టర్’ చివర చేతులు బొబ్బలెక్కాయని రింగో పెట్టే కేక కూడా 1968 నాటి స్టీరియోలో ఉంది, మోనోలో లేదు. రాక్ సంగీతంలో అసలు కృతి రికార్డింగే, స్వరకల్పన కాదు అని 1996లో థియొడోర్ గ్రేసిక్ వాదించాడు. తనకు నచ్చిన చోటు ఏ ప్రతిలో ఉందో పట్టుబట్టి చెప్పే బీటిల్స్ అభిమాని, ఆ పుస్తకం చదవకపోయినా, ఆ వాదాన్నే ఆచరణలో పెడుతున్నాడు.

సంవాదంలో అన్నిటికన్నా లోతైన భాగం తర్వాతి ప్రశ్నతో వస్తుంది. “తెలిసినందువల్ల వినబడుతోందా, వినబడినందువల్ల తెలిసిందా?” అని అడుగుతాడు తార్కికుడు. ఉదాహరణ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’. ఆ పాట రెండు వేర్వేరు టేకుల అతుకు. ఒకటి బ్యాండు మెత్తగా వాయించిన 7వ టేకు. ఇంకొకటి ట్రంపెట్లు, చెల్లోలతో బరువెక్కిన 26వ టేకు. లెనన్‌కు ఒకదాని మొదలు, ఇంకోదాని చివర నచ్చాయి. రెండింటి లయ వేరు, శ్రుతి వేరు. అదృష్టవశాత్తు నెమ్మదిగా ఉన్నదే కింది శ్రుతిలో ఉంది. కాబట్టి ఒక టేపు వేగం పెంచి, ఇంకోదాని వేగం తగ్గిస్తే లయా శ్రుతీ రెండూ దగ్గరపడ్డాయి. 1966 డిసెంబరు 22న జార్జ్ మార్టిన్, ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ వాటిని కలిపారు. పాటలో సుమారు 60వ సెకను దగ్గర ఆ అతుకు ఉంది.

ఈ సంగతి తెలియక ముందు ఎంతోమంది ఆ చోటును దాటిపోయారు. తెలిశాక ఎవరూ దాటిపోలేరు. అక్కడ గొంతు మారుతుంది, నేల కాస్త ఒరిగినట్టు అవుతుంది. తార్కికుడికి ఇది మాయలా కనిపిస్తుంది. “చెప్పకపోతే వినబడనిది సౌందర్యం కాదండీ, సమాచారం.”

ఈ తేడాను మూడు శతాబ్దాల కిందటే పట్టుకున్నవాడు తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు. రసగంగాధరంలో ఆయన రమణీయతను లోకోత్తరమైన ఆహ్లాదంతో ముడిపెట్టాడు. నీకు కొడుకు పుట్టాడని కబురు చెబితే కలిగే సంతోషం ఎంత గొప్పదైనా ఈ కోవలోకి రాదన్నాడు. అది వార్త వల్ల వచ్చిన సంతోషం. లోకోత్తరాహ్లాదానికి కారణం భావన, అంటే విషయాన్ని మళ్లీమళ్లీ మనసులో అనుసంధానించుకోవడం. ఆయన మాట్లాడింది కావ్యం గురించి. కానీ ఒకే రికార్డును పదేపదే వినే శ్రోతకు ఇంతకన్నా బాగా సరిపోయే లక్షణం ఎక్కడా దొరకదు.

రసికుడు ఈ కొలతతోనే జవాబిస్తాడు. “వార్తగా విన్నది ఒక్కసారికే పనికొస్తుంది. ‘ఓహో, అతుకు వేశారా’ అనుకుని ఊరుకుంటే అది సమాచారమే. ఆ అతుకు దగ్గరికి మళ్లీమళ్లీ వెళ్లి, మొదటి నిమిషంలోని తేలికదనం తర్వాతి బరువుకు ఎలా దారి ఇస్తోందో వినడం మొదలుపెడితే, చెప్పిన మాట పక్కకు తప్పుకుంటుంది. పాట మిగులుతుంది.” అదే పాట చివర లెనన్ గొణిగిన మాటలకు ఈ కొలత పెడితే ఫలితం తారుమారవుతుంది. 1969లో పాల్ చనిపోయాడన్న వదంతి రేగినప్పుడు, ఆ గొణుగుడులో పాల్‌ను పూడ్చిపెట్టానన్న సందేశం విన్నారు. లెనన్ అన్నది ఒక పళ్ల పచ్చడి పేరు. ఆ ఆధారాల వేటలో వేలమంది అవే రికార్డులను అరిగిపోయేలా తిప్పారు, వెనక్కి కూడా తిప్పారు. పాట గురించి వాళ్లకు కొత్తగా వినబడిందేమీ లేదు. శ్రోతను పాటలోకి తిరిగి పంపే చోటు మంచి చోటు. పాటలోంచి బయటికి లాక్కుపోయేది ఎంత ఆసక్తికరమైనా వినికిడికి చేసే మేలు లేదు.

ఇలాంటి చోట్ల దగ్గర ఒళ్లు జలదరించడం గురించి కొద్దిగా చెప్పుకుంటే చాలు. 1991లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ స్లొబోడా 83 మంది శ్రోతలను అడిగితే, తమకు కన్నీళ్లో జలదరింపో తెప్పించే కచ్చితమైన చోట్లను చాలామంది చూపగలిగారు. అనుకోని కార్డ్ మార్పులకు జలదరింపుతో సంబంధం కనబడింది. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇష్టమైన చోటు కోసం ఎదురుచూసేటప్పుడూ అది వచ్చినప్పుడూ మెదడులో వేర్వేరు భాగాల్లో డోపమిన్ విడుదలవుతుందని చూపారు. ఎదురుచూపుకూ అందులో వాటా ఉందంటే, చోటు దాని ముందున్నదానితో కలిసే ఉందన్న రసికుడి మాటకు బలం వచ్చినట్టే. విలువ గురించిన ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

చివరి ఆక్షేపణ పంచుకోవడం మీద. “మీకు నచ్చింది, సంతోషం. ఇంకొకరికి చూపించడం ఎందుకు? రుచులు ఎవరివి వాళ్లవి కదా.” కాంట్ 1790లో చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. సౌందర్య నిర్ణయాన్ని ఎవరూ రుజువు చేయలేరు, అయినా ఇది అందంగా ఉందన్నవాడు అందరూ ఒప్పుకోవాలనే ఆశిస్తాడు. రుజువు లేని చోట మిగిలేది చూపించడమే. విమర్శకుడు చెప్పే కారణాలు వాదనలు కావని, ఎటు చూడాలో చెప్పే సూచనలని 1949లో ఆర్నల్డ్ ఐసెన్‌బర్గ్ అన్నాడు. ఆ లెక్కన “ఇదిగో, ఇక్కడ వినండి” అనేది సంగీత విమర్శలో అతి చిన్న వాక్యం, పూర్తి వాక్యం కూడా.

‘ఎ హార్డ్ డేస్ నైట్’ మొదటి కార్డ్ దీనికి సాక్ష్యం. 1964 ఏప్రిల్ 16న రికార్డయిన ఆ ఒక్క మోతలో ఏయే స్వరాలున్నాయో గిటారిస్టులు దశాబ్దాలుగా తగాదా పడుతున్నారు. పైన ‘జి’ స్వరంతో కూడిన ‘ఎఫ్’ అని హారిసన్ 2001లో చెప్పి, బేస్ సంగతి పాల్‌నే అడగమన్నాడు. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయ గణితజ్ఞుడు జేసన్ బ్రౌన్ 2004లో ఆ ధ్వనిని పౌనఃపున్యాలుగా విడగొట్టి, అందులో పియానో కూడా ఉండి తీరాలని వాదించాడు. తగాదా తెగలేదు. కానీ పన్నెండు తీగల గిటారు అడుగున పియానో కోసం చెవి రిక్కించినవాడికి ఆ కార్డ్ అంతకుముందు లేనంత దట్టంగా వినబడుతుంది. వినిపించినది వాదమే.

“చూపించినా అవతలివాడికి వినబడకపోతే?” అని అడుగుతాడు తార్కికుడు.

“అప్పుడు నేను తప్పుచోట వేలుపెట్టి ఉండవచ్చు. ఆయన ఇంకా వినవలసి ఉండవచ్చు. ఏదైనా పాట మళ్లీ పెట్టుకోక తప్పదు” అంటాడు రసికుడు. ఈ సంవాదంలో తీర్పు రసికుడి వైపే, కుర్చీ కిర్రు దగ్గర తప్ప.

పరీక్షించి చూడాలనుకునే పాఠకులకు సామగ్రి అందుబాటులోనే ఉంది. బీటిల్స్ ఆల్బమ్‌లు 2009 సెప్టెంబరులో స్టీరియోలోనూ, వాటిలో చాలావరకు మోనోలోనూ తిరిగి విడుదలయ్యాయి. ‘ఇఫ్ ఐ ఫెల్’ను ముందు మోనోలో మొదటి నుంచి చివరిదాకా వినండి, తర్వాత స్టీరియోలో వినండి.